ఈనస్ బారక్లఫ్ పెదవి

ఉత్తర ఇంగ్లండులో ఊలు మిల్లుల ఊరైన మా స్కెల్‌బ్రిగ్‌లో ఎవరైనా ఈనస్ బారక్లఫ్ పరుగు గురించి ఒక మాట ఎత్తితే, పక్కనున్నవాడు అతని పెదవి గురించి రెండు మాటలు చెప్పేవాడు. మిల్లు బ్యాండులో మొదటి కార్నెట్ ఊదేవాడు ఈనసే. ఊరి రగ్బీ జట్టులో కుడి అంచున పరిగెత్తేవాడూ ఈనసే. బాకా ఊదేవాడికి పెదవే ప్రాణం. రగ్బీ మైదానంలోనేమో ఎదుటివాడి మోచేతికీ మోకాలికీ ముందుగా దొరికేది మొహమే. ఈ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన పెట్టిన దేవుడు పెదవుల దగ్గర పిసినారితనం చూపించాడని మావాళ్లు వాపోయేవారు. ఆ పెదవి పగిలితే కార్నెట్ పోతుంది. పగులుతుందని భయపడితే ఆట పోతుంది. ఈనస్ పడుచుతనమంతా ఈ రెండింటి మధ్యనే గడిచింది.

అతని తండ్రి ఏబెల్ ఊలు దువ్వే గదిలో పనిచేసేవాడు, బ్యాండులో అందరికంటే పెద్ద బాకా మోసేవాడు. తల్లి మగ్గం నడిపేది. అందరి పిల్లల్లాగే ఈనస్ కూడా సగం రోజు బడికీ సగం రోజు మిల్లుకీ వెళ్లాడు. మగ్గాల శాలలో అడుగుపెడితే ఆ మోతకు ముందు పళ్లు జలదరిస్తాయి, తర్వాత చెవులు మొద్దుబారతాయి, ఆ తర్వాత ఏమీ తెలియదు. అక్కడ గొంతుతో మాట్లాడాలనుకునేది కొత్తవాళ్లే. మా ఆడవాళ్లు మూతి పెద్దగా కదుపుతూ, చప్పుడు లేకుండా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కబుర్లు చెప్పుకునేవారు. పురుళ్లూ పెళ్లిళ్లూ మేస్త్రీ మీద వెటకారాలూ అన్నీ ఆ మేస్త్రీ ముక్కు ముందు నుంచే సాగిపోయేవి, పాపం ఆయనకు ఒక్కటీ తెలిసేది కాదు. పెదవులు చూసి మాట పోల్చుకోవడం మా ఊళ్లో నడక నేర్చినంత సహజంగా వచ్చేది.

ఆ మోతలో పెరిగిన పిల్లవాడికి నిశ్శబ్దం అంటే మిఠాయి కన్నా ఇష్టం. ఏబెల్ కొడుకుకి మొదటిసారి కార్నెట్ ఇచ్చినప్పుడు, ఇరుగుపొరుగు తిడతారని ఊరి పైనున్న బీడు మీదకి తీసుకెళ్లాడు. మంచు పట్టిన సాయంత్రం, కింద లోయలో పొగగొట్టాలు మాత్రమే తేలుతూ కనబడుతున్నాయి. ఎంత ఊదినా గాలే వచ్చింది. చివరికి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక స్వరం వచ్చింది. అది మంచులోంచి అలా వెళ్లిపోతుంటే, వెళ్లిన దారంతా లోకం మాట్లాడడం మానేసినట్టు తోచింది ఈనస్‌కు. అది మళ్లీ వస్తుందేమోనని చీకటి పడేదాకా ఊదుతూనే ఉన్నాడు. తండ్రి గొర్రెల కంచె మీద కూర్చుని పైపు కాల్చుకున్నాడు.

పరుగు సంగతి వేరు. అది అతని పరధ్యానం వల్ల వచ్చింది. సాయంత్రం మిల్లు గంట కొట్టాక కాలువ అవతలి హాల్లో బ్యాండు సాధన ఉండేది. ఈనస్ ఏ గోడ దగ్గరో నిలబడి నీళ్ల మీద రంగుల నురగ కొట్టుకుపోవడం చూస్తూ ఉండిపోయేవాడు. ఉన్నట్టుండి బ్యాండ్‌మాస్టర్ గుర్తొచ్చేవాడు. అప్పుడు కార్నెట్ సంకలో ఇరికించుకుని కాలువ గట్టు మీద ఒకటే పరుగు. దానికి సొట్ట పడకుండా, పడవల గుర్రాలనీ పిల్లల్నీ తప్పించుకుంటూ, పక్కకు ఒరిగి, ఆగి, మళ్లీ ఎగిరి పరిగెత్తేవాడు.

అలాంటి ఒక సాయంత్రం పడవలోకి రాళ్లు ఎక్కిస్తున్న జోబ్ లంబ్ అతన్ని చూశాడు. లంబ్ రాతి గనిలో పని చేసేవాడు, ఊరి జట్టుకు కెప్టెన్. అతని చెవులు రెండూ ఆటలో నలిగి ముద్దయిపోయాయి.

"ఒరేయ్ అబ్బాయ్, సంకలో ఏంట్రా అది?"

"కార్నెట్ అన్నా."

"శనివారం ఆ చోట్లో బంతి పెట్టుకుని ఇలాగే పరిగెత్తగలవా?"

ఈనస్ అటూ ఇటూ చూశాడు. "ఎటు పరిగెత్తాలి?" అని అడిగాడు. లంబ్ ఈ మాటను ముసలితనం దాకా చెప్పుకుని నవ్వాడు.

లండన్ రగ్బీ దొరలతో తెగతెంపులు చేసుకుని మావాళ్లు ఉత్తరాది రగ్బీ యూనియన్ పెట్టుకున్న తొలి రోజులవి. పని ఎగ్గొట్టి ఆడేవాడికి జట్టులో చోటు లేదని యూనియన్ రూలు. కాబట్టి మా వీరులందరూ శనివారం మధ్యాహ్నం దాకా గనిలోనో మిల్లులోనో ఒళ్లు హూనం చేసుకుని, చేతిలో ఇంత మాంసం కూరిన రొట్టె పట్టుకుని మైదానానికి వచ్చేవారు. ఈనస్ ఊలు నూగుతో వచ్చేవాడు. అతను పరిగెత్తుతుంటే జుట్టులోంచి ఆ నూగు ఎగిరేది. బంతి చేతికి వచ్చిన క్షణాన జనం అరుపులు అతనికి వినబడడం మానేసేవి. పచ్చగడ్డి, తెల్ల గీత, తన ఊపిరి, అంతే. కార్నెట్ ఒంటరిగా ఊదేటప్పుడు ఏ చోటుకు వెళ్లేవాడో, బంతితో పరిగెత్తేటప్పుడూ అక్కడికే చేరేవాడు. ఆ చోటుకి రెండు దారులు దొరికాయి అతనికి. ఒకటి వదులుకోమంటే ఎలా?

వదులుకోమనే అన్నాడు బ్యాండ్‌మాస్టర్ ఫియర్న్‌లీ. ఎండుకొమ్మలాంటి మనిషి, పగలు మిల్లులో మేస్త్రీ, నవ్వితే మీసం అరిగిపోతుందని భయపడేవాడు. అయితే ఆ మనిషిలో ఒక్క పాట పుట్టింది, అది మాత్రం నిజం. దాని పేరు 'బీడు మీద సాయంత్రం'. అందులో ఒకచోట బ్యాండు మొత్తం ఆగిపోతుంది, కార్నెట్ ఒక్కటే మిగులుతుంది. పొద్దుగుంకాక బీడు మీద ఒక్కడూ నడిచి వస్తున్నట్టుంటుంది ఆ ముక్క. అది ఈనస్ కోసమే రాశాడని అందరికీ తెలుసు, ఫియర్న్‌లీ మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఈనస్ మొదటి ఆట ఆడి వచ్చిన రోజు, అతన్ని సాధన హాల్లో దీపం కిందకి పిలిచి మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ పెదవి నీదనుకుంటున్నావేమో. కాదు. ఏళ్లు పెట్టి దీన్ని తయారుచేశాను నేను. ఇది ఈ లోయది."

"పగలనివ్వను మాస్టారూ."

"ఎలా?"

"నన్ను పట్టుకుంటేగా!"

మొదట్లో నిజంగానే ఎవరికీ దొరకలేదు. కానీ ఆటలో పరిగెత్తడం సగమే. మిగతా సగం, ఎదుటివాడు బంతి పట్టుకుని మీదకొస్తే వాణ్ని పడేయాలి. దానికి ఈనస్ తనదైన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎదురుగా వచ్చినవాణ్ని పోనిచ్చేవాడు. పోనిచ్చి, చుట్టూ తిరిగి, వెనక నుంచి తరుముకెళ్లి మడమలు పట్టేవాడు. మొహం సురక్షితంగా అవతలివాడి వీపు వెనక ఉండేది. అంత వేగం ఉన్నవాడికే సాగే ఆట అది. బయటి ఊళ్ల జనం దాన్ని చూసి ముక్కు మీద వేలేసుకునేవారు.

మా జనం మాత్రం తేలిగ్గా మెచ్చే రకం కాదు. ఎదురు నిలబడనివాణ్ని ఎంత గొప్పవాడైనా వాళ్లు నమ్మరు. ఇంగ్లండులో ఎక్కడైనా గెలిస్తే చప్పట్లు కొడతారు, మా దగ్గర గెలిచినవాడు ఎలా గెలిచాడో కూడా విచారిస్తారు. రెండో ఏడు నుంచి ఈనస్ మైదానంలోకి రాగానే చుట్టూ కట్టిన తాడు వెనక నుంచి "పెళ్లికూతురు వస్తోంది, దారివ్వండి" అనేవారు. గొంతుతో అన్నవి కొన్నే. మగ్గాల శాల ఆడవాళ్లు మైదానం అవతలి గట్టు నుంచి మూతులతో అన్న మాటలు ఇంకా చాలా ఉండేవి. అవన్నీ ఈనస్ స్పష్టంగా చదవగలిగేవాడు. అదే అతని ఖర్మ.

ఆ మూతుల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ వెక్కిరించలేదు. ఆమె పేరు సెలీనా. రెండు మగ్గాలు చూసుకునేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తల కొద్దిగా పక్కకు వంచి ఉండేది. వాళ్ల ప్రేమంతా శాలలోనే, ఆ హోరులోనే, చప్పుడు లేకుండా జరిగింది. మొదటి మాట ఆమే అంది. ఊలు మూటలు తోసుకొస్తున్న ఈనస్‌కు ఆ చివరి నుంచి, "నీ బూటు తాడు ఊడింది" అని. అతను వంగి చూస్తే ఊడలేదు. తల ఎత్తేసరికి ఆమె నవ్వుతోంది. ఆ సాయంత్రం అతను బ్యాండు సాధనకు వెళ్లడమే మరిచిపోయాడు.

చాపెల్‌లో బ్యాండు కచేరీ ఉందంటే సెలీనా అందరికంటే ముందు బల్ల మీద కూర్చునేది, ఈనస్ మొహం మీంచి కళ్లు తిప్పేది కాదు. సంగీతమంటే ఈమెకెంత ప్రాణమో అని అతను మురిసిపోయేవాడు. పెళ్లయిన చలికాలంలో ఒక రోజు, అతను వెనక గదిలో సాధన చేస్తుంటే ఆమె పక్కగదిలో ఉండి కూడా వచ్చి వినలేదేమని అలిగాడు. ఆమె తెల్లబోయింది. "వాయిస్తున్నావని నాకెలా తెలుస్తుంది?" అంది. అప్పుడు బయటపడింది. మగ్గాలు చిన్నప్పుడే ఆమె చెవుల్ని తినేశాయి. అతని కార్నెట్ ఆమెకు ఏనాడూ సరిగ్గా వినబడలేదు.

"మరి ముందు బల్ల మీద కూర్చుని ఏం చేసేదానివి?"

"నీ మూతి చూసేదాన్ని. ఎటు వెళ్తున్నావో దాన్ని బట్టి తెలిసిపోతుంది. ఎక్కేటప్పుడు బిగుస్తుంది, దిగేటప్పుడు వదులవుతుంది. చివర్లో ఒకచోట నీకు ఏడుపొస్తుంది."

ఈనస్‌కు తన పెదవి మీద ఇంకొకరి హక్కు కూడా ఉందని ఆ రోజు తెలిసింది.

పరువు పోయిన ఆట ఆ తర్వాతి ఏడు జరిగింది. కప్పు పోటీ, సొంత మైదానం, ముప్పాతిక ఆట వాన. చివర్లో అవతలివాడు బంతితో వచ్చాడు. ఈనస్ అలవాటు కొద్దీ పోనిచ్చాడు, చుట్టూ తిరిగాడు, బురదలో కాలు జారాడు. లేచేసరికి అవతలివాడు గీత దాటి బంతి నేలకానించి కూర్చున్నాడు. ఆ ఒక్క పొరపాటుతో స్కెల్‌బ్రిగ్ ఓడింది. ఆ ఆదివారం చాపెల్ మెట్ల మీద జనం అతన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. సోమవారం శాలలో ఒక్క మూతీ కదలలేదు. తిడితే బాగుండునని, ఏ గొడవా లేని ఆ మౌనం భరించలేనని సెలీనాతో అన్నాడు. లంబ్ మాత్రం వచ్చి అతని పక్కన కూర్చుని, బీరు తాగి లేచి వెళ్లాడు.

మరుసటి ఏడు స్కెల్‌బ్రిగ్ ఎవరూ అనుకోని విధంగా ఒక్కొక్క జట్టునూ దాటుకుంటూ ఫైనల్ దాకా వెళ్లింది. కొండల అవతలి క్లెగ్‌టన్‌తో, లీడ్స్‌లో. ఊరికి పూనకం వచ్చింది. గెలిచి వచ్చే జట్టును బ్యాండు స్టేషన్ దగ్గర ఎదుర్కోవడం మా ఆచారం. అందులో ఒక తమాషా ఉంది. మొదటి కార్నెట్ రైల్లోంచే దిగాలి. ఈనస్ దిగగానే ఎవరో అతని చేతికి కార్నెట్ అందించేవారు, బురద బట్టలతోనే వరసలో నిలబడి తన స్వాగతం తానే ఊదుకునేవాడు. ఈసారి ఫియర్న్‌లీ 'బీడు మీద సాయంత్రం' వాయిస్తానని చాటించాడు. గెలిచినా సరే, ఓడినా సరే.

శనివారం పొద్దున రైలు ఎక్కేముందు లంబ్ అతన్ని పక్కకు పిలిచాడు.

"నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇవాళా అడగను. గీతకు దగ్గర్లో మాత్రం వెనక్కి తిరిగి పట్టుకునేంత చోటు ఉండదురా. అది గుర్తుంచుకో, చాలు."

ఈనస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. కొండలు, గోడలు, గొర్రెలు, మంచులో సగం మునిగిన పొగగొట్టాలు వెనక్కి జారిపోతున్నాయి. తనకు తెలియకుండానే వేళ్లు మోకాలి మీద ఆ ఒంటరి ముక్క వాయిస్తున్నాయి. లీడ్స్ రాకూడదనిపించింది. ఆ రైలు అలా వెళ్తూనే ఉంటే, గెలవడమూ ఓడడమూ ఉండవు, పెదవీ ఉంటుంది, పరుగూ ఉంటుంది.

లీడ్స్ వచ్చింది. అంత జనాన్ని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆట మొదటి సగంలో స్కెల్‌బ్రిగ్‌కు గీత అవతల బంతి ఆనించిన ట్రై ఒకటి దొరికింది, అది ఈనస్‌దే. బంతి సంకలో పెట్టుకుని కాలువ గట్టు మీద పరిగెత్తినట్టే పరిగెత్తాడు. రెండో సగమంతా క్లెగ్‌టన్ మావాళ్ల మీద విరుచుకుపడింది. వాళ్ల మధ్య వరస ఆటగాడు టన్నిక్లిఫ్ గుర్రం లాంటివాడు, మావాళ్లు ముగ్గురు పడితేగాని పడేవాడు కాదు.

ఆఖర్లో ఎవరికో దెబ్బ తగిలి ఆట కాసేపు ఆగింది. ఈనస్ అంచు గీత దగ్గర నిలబడ్డాడు. తాడు వెనక మా శాల ఆడవాళ్ల గుంపు ఉంది. వాళ్ల మధ్య సెలీనా. చుట్టూ వేలమంది ఒకటే గోల, పక్కవాడి మాట వినబడదు. వాళ్లిద్దరికీ అదేం కొత్త కాదు. ఆమె తల కొద్దిగా పక్కకు వంచి, నిదానంగా, ఒక్కొక్క అక్షరం కనబడేలా పెదవులు కదిపింది.

"అది నీ పెదవి. లోయది కాదు. నాది కూడా కాదు."

మళ్లీ ఈల మోగింది. రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్ విడిపోయింది, బంతి టన్నిక్లిఫ్ చేతికి వచ్చింది, ఇద్దర్ని దులిపేసి అతను కుడి అంచుకు వచ్చాడు. అతనికీ గీతకూ మధ్య ఈనస్ తప్ప ఎవరూ లేరు. వెనక నాలుగు గజాల చోటు కూడా లేదు. ఆ క్షణం ఎంతసేపు సాగిందో ఈనస్ ఎప్పటికీ చెప్పలేకపోయాడు. లోకం మళ్లీ మాట్లాడడం మానేసింది. టన్నిక్లిఫ్ మోకాళ్లు పైకీ కిందకీ నెమ్మదిగా, ఏదో పెద్ద యంత్రంలో భాగాల్లా కదులుతున్నాయి. అతని మోకాలి మీద గడ్డిపరక అంటుకుని ఉంది. దాన్ని చూస్తూనే ఈనస్ తల వంచకుండా, మొహం తిప్పకుండా, ఎదురు వెళ్లాడు.

టన్నిక్లిఫ్ పడ్డాడు. బంతి బయటికి దొర్లింది. ఎవరో దాన్ని దూరంగా తన్నారు, ఆట ముగిసిందని ఇంకెవరో ఈల ఊదారు. లంబ్ వచ్చి ఈనస్‌ను వెల్లకిలా తిప్పి, అతని మొహం చూసి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నోట్లో రెండు పళ్లు లేవు. పై పెదవి నడుమ నుంచి ముక్కు దాకా చీలిపోయింది.

మైదానం పక్క గదిలో ఒక డాక్టరు దారంతో కుట్టాడు. తిరుగు రైల్లో కప్పు చేతులు మారుతూ అతని ఒళ్లోకి వచ్చి ఆగింది. సెలీనా పక్కన కూర్చుంది. ఆమె అతని మొహం వంక చూసేది, ఏదో చదువుదామని, అక్కడేమీ ఉండేది కాదు, గుడ్డ కట్టు తప్ప. స్కెల్‌బ్రిగ్ దగ్గరపడేకొద్దీ ఈనస్ చెయ్యి మాటిమాటికీ కట్టు మీదకి వెళ్లింది. కప్పు గెలిచినందుకు సంతోషం లేకపోలేదు. ఫియర్న్‌లీ మొహం ఎలా చూడాలన్నదే బెంగ.

స్టేషన్ బయట ఊరు మొత్తం ఉంది. పొద్దు వాలుతోంది. బ్యాండు వరసలో నిలబడి ఉంది. ఒకతను అలవాటు ప్రకారం కార్నెట్ పట్టుకుని ముందుకు వచ్చి, ఈనస్‌ను చూసి అక్కడే ఆగిపోయాడు. ఒక్కొక్కరే గమనించారు. కేకలు వాటంతట అవే తగ్గిపోయాయి. ఫియర్న్‌లీ ఆ కట్టు వంక చూశాడు. బెత్తం ఎత్తాడు.

'బీడు మీద సాయంత్రం' మొదలైంది. ఆ చోటు వచ్చేసరికి బ్యాండు ఆగింది. రెండో కార్నెట్ ఊదబోతుంటే ఫియర్న్‌లీ ఎడమచేత్తో వారించాడు. కుడిచేతి బెత్తం మాత్రం తాళం వేస్తూనే ఉంది. స్టేషన్ ముందు అంత జనం ఊపిరి బిగపట్టి ఏమీ లేనిదాన్ని విన్నారు. ఈనస్ వేళ్లు కోటు గుండీల మీద కదిలాయి. అతని లోపల ఒక్క స్వరం తప్పలేదు. ఆఖరి స్వరం తీరగానే బెత్తం ఊగింది, బ్యాండు మళ్లీ అందుకుంది, సరిగ్గా అతను ముగించిన చోట. ఆ రోజు అక్కడున్నవాళ్లలో, ఆ సంగతి చెప్తూ వేలితో ఆ తాళం వేయనివాణ్ని నేను చూడలేదు.

పెదవి మానింది. కానీ కుట్టు పడ్డ చోట చర్మం చచ్చిపోయింది. కార్నెట్ పెడితే గాలి పక్కనుంచి పోయేది. కొన్నాళ్లు బీడు మీదకి వెళ్లి ప్రయత్నించి, ఒక రోజు కార్నెట్‌ను తుడిచి పెట్టెలో పెట్టి, ఫియర్న్‌లీ దగ్గరికి వెళ్లి పెద్ద డోలు ఇమ్మన్నాడు. డోలుకు పెదవితో పని లేదు.

ఆటలో మాత్రం అప్పటి నుంచి అందర్నీ ఎదురెళ్లి పట్టాడు. పెళ్లికూతురి మాట ఎవరూ ఎత్తలేదు. ఈనస్ ధైర్యవంతుడయ్యాడని అన్నారు. దాచుకునేది పోయినవాణ్ని ధైర్యవంతుడనడం మావాళ్లకే చెల్లింది. నిజానికి భయం ఉన్నప్పుడే అతని పరుగు అందంగా ఉండేదని లంబ్ ఒక్కడే గుర్తించాడు, చెప్పాడు కూడా. యూనియన్ జట్టులో పదిహేనుమందిని పదమూడు చేసిన ఏడు ఈనస్ ఆట మాని బూట్లు మేకుకు తగిలించేశాడు.

అసలు చిక్కు బ్యాండులో వచ్చింది. ఫియర్న్‌లీ ఆ ఒంటరి ముక్కను ఇంకెవరికీ ఇవ్వలేదు. స్టేషన్‌లో ఎలా వదిలాడో ప్రతిసారీ అలాగే ఖాళీగా వదిలాడు. ఊళ్లో వాయిస్తే ఊరు తల వంచుకుని వినేది. అదే పాటను సెప్టెంబరులో జరిగే బ్యాండ్ల పోటీకి తీసుకెళ్లాడు. అక్కడ తీర్పు చెప్పేవాణ్ని గుడారంలో కూర్చోబెడతారు, ఏ బ్యాండో తెలియకూడదని. పాట మధ్యలో అంతసేపు చప్పుడు లేకపోయేసరికి ఆయన కార్నెట్ వాడికి మూర్ఛ వచ్చిందనుకున్నాడట. స్కెల్‌బ్రిగ్ అందరికంటే ఆఖర్న నిలిచింది. మరుసటి ఏడూ అంతే. పాట మార్చమంటే ఫియర్న్‌లీ వినడు, చోటు పూడ్చమంటే అసలే వినడు. కుర్రాళ్లు లోలోపల గొణుక్కున్నారు, ఈనస్ ఎదుట నోరు మెదపలేదు.

ఈనస్‌కు అంతా తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. డోలు వెనక నిలబడి ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని తన ముక్క తాను వాయించుకునేవాడు. పెదవి లేకపోయినా పాట ఇంకా తనదే. ఊరంతా తన కోసం ఊపిరి బిగపట్టడం ఎవరికి చేదు? దాన్ని వదులుకుంటే ఇక తన దగ్గర ఏమీ మిగలదు, కప్పు ఫోటోలో ఒక మొహం తప్ప. కొన్నేళ్లు అలాగే గడిచాయి.

అప్పుడు బ్యాండులోకి క్లెమెంట్ అనే యువకుడు వచ్చాడు, పక్క లోయవాడు, ఊలుకు రంగులు వేసే ఖానాలో పని. అతను కార్నెట్ ఎత్తితే ఏమవుతుందో మొదటి రోజే ఈనస్‌కు అర్థమైంది. ఆ పాట వచ్చినప్పుడు క్లెమెంట్ కార్నెట్ ఒళ్లో పెట్టుకుని, అందరితో పాటు తల వంచుకుని, మర్యాదగా ఎదురుచూసేవాడు. ఒకసారి ఈనస్ కళ్లు మూసుకోకుండా చూశాడు. క్లెమెంట్ వేళ్లు కార్నెట్ మీటల మీద, వాటిని నొక్కకుండా, ఆ ముక్క వాయిస్తున్నాయి.

ఆ ఆదివారమే ఫియర్న్‌లీ ఇంటికి వెళ్లాడు. ముసలాయన కుంపటి ముందు దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"మాస్టారూ, ఆ చోటు పూడ్చండి."

"అది నీది."

"పెదవి నాదే, ఒప్పుకున్నాను. పాట నాది కాదు. మీరు రాశారు, ఊరు విన్నది. ఆ కుర్రాడికి ఇవ్వండి."

ఫియర్న్‌లీ కుంపటి కెలికాడు. "నీకు బాధగా ఉండదూ?" అని అడిగాడు, జీవితంలో మొదటిసారి.

"ఉంటుంది," అన్నాడు ఈనస్. "ఇవ్వండి."

పెంతెకోస్తు పండగ మర్నాడు, విట్ సోమవారం నాడు పార్కులో కచేరీ. మగ్గాల శాల వాళ్లంతా వచ్చారు. సెలీనా ముందు బల్ల మీద కూర్చుంది. అప్పటికి ఆమెకు డోలు మోత కూడా వినబడేది కాదు, కూర్చున్న బల్ల అదిరితే తెలిసేది. పాట మొదలైంది. ఆ చోటు వచ్చింది, బ్యాండు ఆగింది, జనం అలవాటుగా తలలు వంచారు. క్లెమెంట్ కార్నెట్ ఎత్తాడు.

వంచిన తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఈనస్ డోలు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. ఆ ముక్క అతను ఎన్నిసార్లు ఊదాడో లెక్క లేదు, కానీ ఒక్కసారి కూడా వినలేదు. ఊదేవాడికి ఊపిరే వినబడుతుంది, పాట వినబడదు. ఇప్పుడు అది బయటి నుంచి వచ్చింది, చెట్ల మీదుగా, ఎండలో, అతని వైపే నడిచి వచ్చింది. ఇంత బాగుంటుందని తనకెవరూ ఎందుకు చెప్పలేదు? అందరూ చెప్పారు, తనే అర్థం చేసుకోలేదు. కన్నీళ్లు కుట్టు గీత దగ్గర ఆగి, పక్కకు తిరిగి కారాయి. డోలు వేయాల్సిన చోట వేయడం మరిచిపోయాడు. ఫియర్న్‌లీ బెత్తం ఆపలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు కాలువ గట్టు మీద ఈనస్ సెలీనాను ఎదురుగా నిలబెట్టి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆమెకు కనబడేలా నిదానంగా, వంకర పెదవితో, "కుర్రాడు నాకంటే బాగా వాయించాడు. చూశావుగా?" అన్నాడు.

"ఎలా వాయించాడో నాకు తెలీదు," అంది సెలీనా. "నేను నీ మొహమే చూస్తూ ఉండిపోయాను."